ఒంటిచెవి లెక్క

గ్దీన్యా రేవుకి రెండు వీధుల వెనక
ఆరు మెట్లు దిగితే నా కొట్టు.
నవంబరు.
సముద్రపు గాలి అప్పులవాడిలా
తలుపు కొడుతూనే ఉంది.

బొగుమీవా గారు బల్లమీద కవరు పెట్టింది.
మూడువేల రెండువందల జ్వోతీలు,
నోట్లన్నీ ఒకే వైపు మొహం తిప్పుకుని.
"పంచు," అంది.
"ఇంతకు మించి ఒక్క గ్రోష్ లేదు."

పంపకాలు నాకు చేతనైన పనే.
ముప్ఫై ఏళ్ళుగా ఎవరెవరి డబ్బో పంచుతున్నాను,
నాది నేనెప్పుడూ సరిగా పంచుకోలేదు గానీ.

చిరిగిన పార్సిల్ అట్ట వెనక రాశాను.
తిరిగే పళ్ళేనికి పదమూడువందలు.
అది వణికితే ఇల్లంతా వణికినట్టే.
ముల్లుకి నాలుగువందల యాభై.
ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దండీ,
పాటని ముట్టుకునేది అదొక్కటే,
మిగతావన్నీ విన్న మాట మోసుకొచ్చేవే.
ముల్లు చెప్పే గుసగుసని
కాస్త గొంతు పెంచి చెప్పే డబ్బా, రెండువందల యాభై.
యాంప్లిఫయరు ఐదువందలు,
నేనే బాగుచేశాను, మీట తిప్పితే కొంచెం గరగర,
దాచను.
స్పీకర్లు ఏడువందలు.

కూడితే చిల్లర కూడా మిగల్లేదు.
దర్జీ మెచ్చుకునేంత పొదుపుగా కత్తిరించానని
లోపల మురిసిపోయాను.

ఆ ఊపులో ఉపన్యాసం ఎత్తుకున్నాను.
స్పీకర్ల మధ్య ఆరడుగులుండాలి,
త్రిభుజం గీయండి, మూడో కొసన మీరు.
ఎడమన వయొలిన్లు, కుడిన సెల్లోలు,
నడుమ పాడే మనిషి నిలబడ్డ చోటు
గాల్లో వేలుపెట్టి చూపించొచ్చు.

ఆమె తల పక్కకి వాల్చి వింది,
గింజని చూసే కోడిలా.

"అబ్బాయ్," అంది చివరికి,
"ఎడమచెవి లేదు నాకు.
ఓడల కార్ఖానాలో ఇరవైరెండేళ్ళు,
ఉక్కు పొట్టలో గొంతుక్కూచుని పని.
సుత్తి ఎప్పుడూ ఎడమ పక్కనే పడేది.
ఒకరోజు అది వెళ్ళిపోయింది,
చెప్పి కూడా వెళ్ళలేదు."

చెవిటివాడి ముందు శంఖం అంటారు.
నేను ఊదింది రెండు శంఖాలు,
ఆరడుగుల దూరం కొలిచి మరీ.

"ఇంట్లో తాళంచెవి జారిపడితే
ఎటు పడిందో తెలీదు నాకు.
పడిందని తెలుస్తుంది.
వెతుక్కుంటాను, ఏముంది."

పెన్సిలు మళ్ళీ తీశాను.
'స్పీకర్లు' అన్నచోట బహువచనం కొట్టేశాను.
మూడువందల యాభై తిరిగొచ్చి
బల్లమీద కూచుంది, ఎవరి తాలూకో తెలియని పిల్లలా.

ముల్లుకి కలుపుదామన్నాను. (ఇంకేమంటాను.)
తల అడ్డంగా ఊపింది.
"నా కుర్చీలో స్ప్రింగు తేలి తొడలో దిగుతోంది.
అదీ ముల్లే కదా.
దానికిస్తాను."

మరి రికార్డులకో?
ఆ వాటా సంగతే మర్చిపోయాను,
కూరకి పోపు లెక్కేసి
బియ్యం మర్చిపోయినట్టు.

"పదకొండున్నాయి," అంది.
"మా అక్క తెయోడోజ్యా పోయాక నాకొచ్చాయి.
ఇన్నేళ్ళూ అట్టలే చూస్తున్నాను."
మర్నాడు ఒకటి తెచ్చి చూపించింది.
స్టీరియో రాకముందుది.
పుట్టుకతోనే ఒంటిచెవిది.
నవ్వానో లేదో గుర్తులేదు,
అంచు పట్టుకుని వెలుతురుకి అటూ ఇటూ తిప్పాను,
గీతలు తక్కువే.

జతలో రెండో స్పీకరు నా అరలోనే ఉండిపోయింది.
సగానికి సగం ధర తగ్గించి చీటీ అంటించాను.
వచ్చినవాళ్ళు దాని పక్కన జాగా చూస్తారు,
రెండోదేది అంటారు,
వెళ్ళిపోతారు.

సాయంత్రం కొట్టు కట్టేముందు
దానికే తీగ తగిలిస్తున్నాను ఈమధ్య.
స్టూలు మీద కూచుని
ఎడమచెవిలో వేలు పెట్టుకుంటాను.
పళ్ళెం తిరుగుతుంది.
రేవులో ఏదో ఓడ కూస్తుంది,
వచ్చేదో పోయేదో,
ఎటునుంచో తెలీదు.